అలసిపోని దున్న

ముందే ఒప్పేసుకుంటే తిట్లు తగ్గుతాయన్న ఆశతో ఒప్పేసుకుంటున్నాను. ఒక ఆటలో ఉన్న ముఖ్యమైన రూలుని, బ్రీఫ్‌కేసు చిన్నదన్న ఒకే ఒక్క కారణంతో, రైలు పెట్టెడు జనానికి నేర్పకుండా ఎగ్గొట్టింది నేనే. దానివల్ల రేపల్లె ప్రేమకుమారి బాపట్లలో పదిమంది ముందు ఓడిపోయింది. ఆవిడ సంగతి రాయాలంటే ఆ తప్పు చేసినవాడు కూడా కథలోకి రాక తప్పదు. కానీ వాణ్ణి "నేను" అని రాసుకునే ధైర్యం నాకు లేదు. నా గొంతు వినపడితే చాలు, ఆవిడ చేతిలో ఏముంటే అది విసురుతోంది. అందుకని ఇక్కణ్ణుంచి వాడి పేరు ఉదయ్ కిరణ్. ఊరు భట్టిప్రోలు. తెనాలిలో ఫోన్లు బాగుచేస్తాడు. ఆ పని వాడికెవరూ నేర్పలేదు, జనం ఫోన్లు పాడుచేసి నేర్చుకున్నాడు.

ప్రేమకుమారికి ఆ పేరు పెట్టిన పాస్టరు గారు ప్రభువులో నిద్రించి చాలాకాలమైంది. లేకపోతే పిలిచి సంజాయిషీ అడగాల్సిన పేరది. నలభై దాటిన మనిషి. మొగుడు సుందరయ్య రొయ్యల లోడు వేసుకుని పోయే వ్యాను డ్రైవరు, ఇంట్లో ఉండేదే తక్కువ. ఆవిడకి ఇల్లు రేపల్లెలో, పని తెనాలిలో. పెద్ద చీరల షాపు, రెండో అంతస్తు, పట్టుచీరల కౌంటరు.

ఆ షాపులో సేల్సువాళ్లు కూర్చోకూడదు. కస్టమర్లకి మెత్తటి స్టూళ్లుంటాయి. కౌంటరు వెనక మాత్రం పీట కూడా ఉండదు. ఎవరూ లేనప్పుడు గోడకి ఆనుకున్నా మేనేజరు కెమెరాలో చూసి ఫోను చేస్తాడు. పొద్దున్నించి షట్టరు దించేదాకా నిలబడే ఉండాలి, నిలబడే నవ్వుతుండాలి.

"ఇంతేనా మీ దగ్గర కలర్లు?"

"లేదండి, ఇంకా ఉన్నాయండి, చూపిస్తానండి."

"ఆ పైన మూలనున్నది తియ్యి. అది కాదు, దాని కింద. అబ్బే, దాని పక్కది."

"ఇదేనాండి?"

"ఊఁ... అంచు బాలేదులే. ఊరికే చూద్దామని వచ్చాం."

అప్పటికి కౌంటరు మీద చీరలు గుట్ట పడి ఉంటాయి. వాళ్లు లేచిపోతారు. ఆవిడ "మంచిదండి, మళ్లీ రండి" అని నవ్వి, ఒక్కో చీరా మడత విరగకుండా మడుస్తుంది. నోట్లోంచి వచ్చిన ప్రతి "అండి"కీ కడుపులో ఒక తిట్టు మిగిలిపోతుంది. ఆ తిట్లు రాత్రి నిద్రలో కూడా అరగవు. పొద్దున్నే తెనాలి ప్యాసింజరు ఎక్కేసరికి పుల్లగా పైకి తన్నుకొస్తుంటాయి.

రైలెక్కాక ఆవిడ నోట "అండి" ఊడిపోతుంది. కాళ్లు చాపుకుని కూర్చున్న కుర్రాణ్ణి "ఏరా, మీ నాన్న కొనిపెట్టాడా ఈ పెట్టె?" అంటుంది. డబ్బులు కట్టి కొనుక్కున్న పాసు చూపించమన్న టీసీని, "చూపిస్తాను, ముందు ఆ ఫ్యాను తిరిగేదాకా ఇక్కడే నిలబడు" అంది ఒకసారి. ఆయన ఫ్యాను కేసి చూసి, ఆవిడ కేసి చూసి, పక్క పెట్టెలోకి వెళ్లిపోయాడు.

అలాంటి మనిషి టిఫిన్ సంచిలో ఒకరోజు ఉదయ్ కిరణ్ రబ్బరు బల్లిని పెట్టాడు. అరుస్తుంది, పెట్టె మొత్తం నవ్వుతుంది అనుకున్నాడు. ఆవిడ అరవలేదు. బల్లిని తోక పట్టుకుని బయటికి తీసింది. అందరి మొహాలూ ఒకసారి పరికించింది. ఎవరి మొహంలో నవ్వు ముందే సిద్ధంగా ఉందో కనిపెట్టి, అదే బల్లితో వాడి చెంప మీద ఫట్టుమని కొట్టింది. పెట్టె మొత్తం నవ్విన మాట మాత్రం నిజం.

"తప్పైపోయిందక్కా."

"తప్పు కాదు. తిండి. తిండిలో పెట్టావు. దానికి పరిహారం ఏం ఇస్తావు?"

వాడి జేబులో ఉన్నది ఒక్కటే, సీలు తియ్యని ముక్కల ప్యాకెట్టు. అదే ఇచ్చాడు. ఆవిడ ఆటలోకి రావడానికి దారి అలా పడింది.

ఆ ఆటకి డబ్బా మీద ఏదో నోరు తిరగని ఇంగ్లీషు పేరుంది. రైల్లో అందరూ దాన్ని కోటాట అంటారు. పేకాట ఆడితే పోలీసులతో గొడవని, దాని బదులుగా ఉదయే వీడియోలు చూసి నేర్చుకుని తెచ్చాడు. ఆట తేలికే. ఒక్కొక్కరికి ఒక కోట, కోటకి ఇరవై ప్రాణం. చేతిలో ప్రాణుల బొమ్మలున్న ముక్కలు. ప్రతి ప్రాణికీ కింద రెండంకెలు, ఎడమది అది కొట్టే దెబ్బ, కుడిది అది ఓర్చుకునే దెబ్బ. మన వంతులో మన ప్రాణుల్ని ఎదుటి కోట మీదికి పంపుతాం. ఎదుటివాడు కావాలంటే తన ప్రాణిని అడ్డం పెడతాడు. అప్పుడు రెండూ కొట్టుకుంటాయి, ఓర్పు అయిపోయినది చస్తుంది. అడ్డం పెట్టకపోతే దెబ్బంతా కోటకే. కోట ప్రాణం అయిపోతే ఆట అయిపోయినట్టే.

ఇంకొక రూలు కూడా ఉంది. దాడికి వెళ్లొచ్చిన ప్రాణి అలసిపోతుంది. దాని ముక్కని పక్కకి పడుకోబెట్టాలి. మళ్లీ మన వంతు వచ్చాకే అది లేస్తుంది. ఈలోపు ఎదుటివాడు మన మీదికొస్తే, పడుకున్న ప్రాణిని అడ్డం పెట్టడానికి వీల్లేదు. కొట్టడమా, కాచుకోవడమా అని ఆలోచించుకోవాల్సింది అక్కడే, అసలు ఆటంతా అక్కడే ఉంది.

ఉదయ్ ఎగ్గొట్టింది ఆ రూలునే. ఎందుకంటే రైల్లో వాళ్లు ఆడేది మధుబాబు బ్రీఫ్‌కేసు మీద. మధుబాబు తెనాలిలో ఒక ఆఫీసులో గుమాస్తా. ఆ బ్రీఫ్‌కేసు ఆయన పెళ్లినాటిది. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి మోకాళ్ల మీద దాన్ని పడుకోబెడితే, నిలువుగా పెట్టిన ముక్కలే బొటాబొటిగా పడతాయి. ఒక్కదాన్ని అడ్డంగా తిప్పితే పక్కది జారి సీటు కింద పల్లీ తొక్కల్లో పడుతుంది. రైలు వేమూరు దాటాక ఊగే ఊపుకి మొత్తం ఆటే కింద పడుతుంది. అందుకని వాడు తిప్పడమన్న మాటే ఎత్తలేదు. జనం కూడా అడగలేదు. దాడికి వెళ్లిన ప్రాణే తిరిగొచ్చి కాపలా కూడా కాసేది. రైల్లో అదే ధర్మం.

ప్రేమకుమారి ప్యాకెట్టు విప్పితే ముందు అన్నీ కప్పలూ తొండలే వచ్చాయి. అడుగున ఒకటి తళతళలాడింది. తోలు కవచం కట్టి, గండ్రగొడ్డలి పట్టుకుని, రెండుకాళ్ల మీద నిలబడ్డ దున్నపోతు. దెబ్బ నాలుగు, ఓర్పు ఐదు. బొమ్మ కింద ఇంగ్లీషులో రెండు వాక్యాలు.

"ఏం రాశాడురా దీని మీద?"

ఉదయ్ చదివాడు. "నీ వంతు వచ్చిన ప్రతిసారీ ఇది దాడికి పోయి తీరాలంట. నువ్వు వద్దన్నా ఆగదు."

"అచ్చం ఆవిడే," అన్నాడు మధుబాబు. "రెండోది?"

"దాడి చేసినా ఇది అలసిపోదు, అని రాశాడు." వాడికి ఆ క్షణంలో తను ఎగ్గొట్టిన రూలు గుర్తుకు రావాలి. రాలేదు. "అంటే వర్ణనలే అక్కా. బలమైన దున్న అని. సినిమా పోస్టరు మీద రాస్తారే, అలాగ."

ఆవిడ నమ్మింది. దున్నని పర్సులో కూతురి ఫొటో పక్కన పెట్టుకుంది.

ఆ రోజునుంచి పొద్దున గంటసేపు ఆవిడ కూర్చునేది. కిటికీ పక్క సీటు, ఎదురుగా బ్రీఫ్‌కేసు. రోజు మొత్తంలో ఆ కాళ్లకి దొరికే కూర్చోవడం అదొక్కటే, ఇంట్లో కూడా పొయ్యి ముందు నిలబడటమేగా. దున్నని దాడికి పంపేటప్పుడు ముక్కని బ్రీఫ్‌కేసు మీద ఎంత గట్టిగా కొట్టేదంటే లోపల మధుబాబు అన్నం డబ్బా గల్లుమనేది. ఒక్కోసారి దెబ్బతోపాటు పేరు కూడా చెప్పేది.

"ఇది ఆ గులాబీ రంగు పట్టుచీరావిడకి!"

"నా కోటండీ అది, ఆవిడది కాదు," అని మొత్తుకునేవాడు మధుబాబు.

ఓడిపోవడం మధుబాబుకి పెద్ద బాధ కాదు. ఆయన బాధ వేరే. ఆవిడ వచ్చి కూర్చున్నాక మగాళ్లు నోటికొచ్చినట్టు మాట్లాడుకోవడం పోయింది. ఎవడైనా ఒక పచ్చి మాట అనబోతే ఆవిడ తలెత్తి చూస్తుంది, మాట గొంతులోనే చస్తుంది. ఆ బెంచీ మళ్లీ మగాళ్ల బెంచీ ఎలా అవుతుందా అని చూస్తున్నాడు ఆయన.

బాపట్లలో పోటీ అన్న కబురు ఉదయ్ తెచ్చాడు. ఒక స్టేషనరీ షాపు మేడ మీద హాల్లో, ఆదివారం. ఒక్కో జట్టు నుంచి ఒక్కరే రావాలి. రైలు జట్టు తరఫున ఎవరు వెళ్లాలో ఆడి చూసుకుంటే ప్రేమకుమారే మిగిలింది.

మధుబాబు గొంతు సవరించుకున్నాడు. "వెళ్లండి, కాదన్లేదు. కానీ జట్టు పరువండి ఇది. మొదటి ఆటలోనే ఓడొచ్చారనుకోండి, ఇక ఈ సీటు మాకు వదిలెయ్యాలి. మీ లేడీస్ పెట్టె మీకుంది. ఏమంటారు?"

ఆవిడ ముక్కుపుటాలు అదరడం ఉదయ్ చూశాడు. వద్దక్కా అని సైగ చేశాడు. దున్నకి వద్దంటే ఆగడం తెలియదని ముక్క మీదే రాసి ఉన్న సంగతి మర్చిపోయాడు.

"ఓడితే ఆ సీట్లో కూర్చోను. ఆట ముట్టను. గెలిస్తే సీటు ఆపుకోవడానికి నీ రుమాలు ఈ కిటికీలోంచి ఇంకెప్పుడూ పడగూడదు. సరేనా అన్నయ్యగారూ?"

"అన్నయ్యగారూ" అన్న మాటని ఆవిడ అన్న తీరుకి మధుబాబు కొంచెం వెనక్కి జరిగాడు. అయినా సరే అన్నాడు.

పెళ్లిళ్ల సీజన్లో ఆదివారం సెలవంటే మేనేజరు ఎగిరాడు. ఆవిడ "అవునండి, తప్పదండి" అని నవ్వుతూనే చెప్పి, ఆయన ఇంకా మాట్లాడుతుండగానే మెట్లు దిగొచ్చేసింది. మందిరంలో ఆరాధన కూడా మానేసింది. దానికి మాత్రం దేవుడికి విడిగా చెప్పుకుంది. ఉదయ్‌ని తోడు తీసుకుని తెనాలిలో రైలు మారి బాపట్ల చేరింది.

హాల్లో అందరూ కాలేజీ పిల్లలు. బల్లలు పెద్దవి, ఒక్కోదాని మీద బ్రీఫ్‌కేసులు నాలుగు పడతాయి. ప్రేమకుమారి ఎదురుగా రాజీవ్ అని ఒక కుర్రాడు కూర్చున్నాడు. కళ్లజోడు, మెత్తటి మాట.

"నమస్తే ఆంటీ. అబ్బాయి కోసం వచ్చారా?"

"నీ కోసమే వచ్చాను. పంచు."

మొదట ఆవిడ చిన్న ప్రాణుల్ని పంపి కొట్టింది. వాడి ముక్కలు దాడికెళ్లినప్పుడల్లా పక్కకి తిరగడం చూసింది. వీడి అలవాటు కాబోలు, తమాషాగా పెడుతున్నాడు అనుకుంది. ఆవిడ తిప్పకపోవడం వాడూ చూశాడు. పెద్దావిడ, మర్చిపోయిందేమోలే అని ఊరుకున్నాడు. రెండువైపులా చిన్న ప్రాణులు ఒకటి తర్వాత ఒకటి చచ్చాయి. చివరికి వాడి కోటకి ఎనిమిది ప్రాణం మిగిలింది, ఆవిడ కోటకి ఆరు. ఆవిడ ముందు మిగిలింది దున్న ఒక్కటే. వాడి ముందు రెండు, మూడు దెబ్బలు కొట్టే గబ్బిలం, నాలుగు కొట్టి నాలుగు ఓర్చుకునే రాతిమనిషి.

ఆవిడ వంతు. దున్న ఎలాగూ ఆగదు. ముక్కని బల్ల మీద ఫట్టున కొట్టింది. పక్కబల్లల వాళ్లు ఉలిక్కిపడ్డారు. రాజీవ్ దేన్నీ అడ్డం పెట్టలేదు. ఎనిమిది కాస్తా నాలుగైంది.

తర్వాత వాడు గబ్బిలాన్నీ రాతిమనిషినీ రెండింటినీ పంపాడు. ప్రేమకుమారికి లోపల ఒక చల్లటి సంతోషం పాకింది. లెక్క కళ్లముందే ఉంది. దున్నని రాతిమనిషికి అడ్డం పెడితే రాతిమనిషి చస్తాడు, దున్న బతుకుతుంది. గబ్బిలం కొట్టే మూడూ కోట తట్టుకుంటుంది. వచ్చే వంతులో దున్న ఇంకో నాలుగు కొడుతుంది, వాడి కోట గోవిందా. కిటికీ పక్క సీటు అప్పుడే ఒంటికి మెత్తగా తగిలినట్టనిపించింది. దున్నని ముందుకి జరిపింది.

"ఆగండాంటీ. అది అడ్డం రాదు. ఇందాక దాడి చేసిందిగా, అలసిపోయింది. పడుకోబెట్టాలి."

"ఏంటి?"

"దాడికి వెళ్లిన ముక్కని పడుకోబెట్టాలి. ఇందాకటినుంచీ మీరు పెట్టట్లేదు. నేనే చెప్పలేదు."

"ఎవడు చెప్పాడు నీకు? అలాంటి రూలు లేదు."

"ఉందాంటీ. మొదటి రూలే అది."

నిర్వాహకుడు వచ్చాడు. మెళ్లో విజిల్, చేతిలో కూల్‌డ్రింకు. "ఏంటమ్మా గొడవ? అవును, తిప్పాలి. అది తెలీకుండా ఇంతదూరం ఎలా వచ్చారు మీరు?" చుట్టూ పిల్లలు గుమిగూడారు. ఎవడో వెనకనుంచి కిసుక్కున నవ్వాడు. ప్రేమకుమారి తలతిప్పి ఉదయ్‌ని చూసింది. వాడి మొహం చూడగానే ఆవిడకి అంతా అర్థమైపోయింది. వాడు గోడమీది రంగుల బొమ్మలు చూస్తున్నాడు.

మామూలు రోజైతే ఆవిడ ఆ విజిల్ పీకి వాడి కూల్‌డ్రింకులోనే పడేసేది. కానీ చుట్టూ అంతమంది నిలబడి చూస్తుంటే, చదువుకున్న పిల్లలు "అవును ఆంటీ, రూలంతే" అంటుంటే, షాపులో నవ్వే నవ్వు తనంతట తనే మొహం మీదికొచ్చేసింది. నోట్లోంచి మాట కూడా వచ్చేసింది.

"అలాగేనండి."

దున్నని పక్కకి తిప్పి పడుకోబెట్టింది. మూడూ నాలుగూ ఏడు. కోట కూలింది.

రాజీవ్ మంచివాడు. ఆవిడ ముక్కలన్నీ తనే పోగుచేసి ఇవ్వబోయాడు. పైనున్న దున్నని చూసి ఆగాడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివాడు.

"ఆంటీ... దీని మీద రాసుందిగా. ఇది దాడి చేసినా అలసిపోదని."

"అది వర్ణన," అంది ఆవిడ.

"వర్ణన కాదాంటీ, రూలే. ప్రతి వంతూ దాడికి పోవాల్సిందే అన్నారా, మరి ప్రతిసారీ అలసిపోయి పడుకుంటే ఇది ఒక్కసారైనా కాపలా కాయగలదా? అందుకే ఇది పడుకోదని రాశారు. మిగతా ముక్కలన్నీ కొట్టడమో కాయడమో ఏదో ఒకటే. ఇది రెండూ చేస్తుంది. దీన్ని మీరు తిప్పనక్కర్లేదు." వాడి గొంతు సన్నబడింది. "మీరు... గెలిచేవాళ్లు."

నిర్వాహకుడు ముక్క తీసి చూసి, తల గోక్కున్నాడు. "అవునే. కానీ మీరు అప్పుడే చెప్పాలిగా అమ్మా? మీరే తిప్పారు. ఫలితం రాసేశాను, ఇప్పుడేం చెయ్యలేం."

"చెయ్యలేవు. విజిల్ ఊదడం ఒకటే వచ్చు నీకు," అంది ప్రేమకుమారి. ఆవిడ గొంతు పెంచలేదు. అందుకే ఉదయ్‌కి భయం వేసింది.

తిరుగు రైల్లో వాడు మిరపకాయ బజ్జీలు కొనుక్కొచ్చి పక్కన పెట్టాడు. ఆవిడ వాటిని చూడలేదు. పొన్నూరు దాటింది. వాడు దగ్గాడు.

"అక్కా, తప్పు నాదే. బ్రీఫ్‌కేసు సరిపోదని..."

"నీ తప్పు నాకు తెలుసు. దాన్ని గురించి తర్వాత మాట్లాడతా, తీరిగ్గా." ఆవిడ కిటికీలోకే చూస్తోంది. "వాడెవడో తిప్పమన్నాడు, తిప్పాను. నా ముక్క. నా చేతిలో ఉంది. ఏం రాసుందో నువ్వు చదివితే విన్నాను కూడా. అయినా తిప్పాను. అలాగేనండి అన్నాను. అండి అన్నానురా వాడిని! విజిల్ వెధవని!"

బజ్జీల పొట్లం కిటికీలోంచి పొలాల్లోకి వెళ్లింది. వెనకాలే ఉదయ్ వెళ్లకుండా కిటికీ ఊచలు ఆపాయి.

సోమవారం పొద్దున ఆవిడ రైలెక్కేసరికి కిటికీ పక్క సీటు మీద మధుబాబు రుమాలు పరిచి ఉంది. కబురు ముందే చేరింది. నలుగురూ ముక్కలు పంచుకుని కూర్చుని, ఆవిడ కేసి చూడకుండా చూస్తున్నారు.

"రండి రండి," అన్నాడు మధుబాబు. "ఏమనుకోకండి, మాట మాటేగా. లేడీస్ పెట్టె వెనకాల..."

"నాకు తెలుసు ఎక్కడుందో."

ఆవిడ వెళ్లలేదు. బ్రీఫ్‌కేసు పక్కనే నిలబడి పై కమ్మీ పట్టుకుంది.

"మరి... ఆట ముట్టనన్నారుగా?"

"ముట్టానా?"

"కూర్చోనన్నారు."

"కూర్చున్నానా? ఆడుకోండి. చూస్తాను."

రైలు కదిలింది. పల్లికోన దాటేసరికి మధుబాబు కొండచిలువని దాడికి పంపాడు.

"పడుకోబెట్టు," అంది పైనుంచి.

"ఏంటండీ?"

"దాడికెళ్లింది. అలసిపోయింది. పడుకోబెట్టు. అసలు రూలు అది. నన్ను ఓడించిన రూలు. మీరు మాత్రం దర్జాగా ఆడతారా?"

తిప్పాడు. పక్కనున్న కప్ప జారి కింద పడింది. వంగి తీసేలోపు తొండ పడింది. భట్టిప్రోలులో ఉదయ్ ఎక్కి, ఆవిడ నిలబడిన తీరు చూసి దిగిపోదామనుకున్నాడు, రైలు కదిలిపోయింది.

వారమంతా అదే బాధ. షాపులో పొద్దున్నించి రాత్రిదాకా నిలబడే మనిషికి రైల్లో గంట నిలబడటం ఒక లెక్క కాదు. వాళ్లకే లెక్క అయింది. తల మీద నిలబడి ప్రతి దాడికీ "పడుకోబెట్టు". ఎవడైనా పడుకున్న ప్రాణిని దొంగతనంగా అడ్డం పెడితే "సిగ్గులేదా?". పచ్చి మాట అనబోతే అదే చూపు, పైగా ఇప్పుడు పైనుంచి. బెంచీ మగాళ్ల బెంచీ అయితే అయింది గానీ, ఎవడూ నోరెత్తడం లేదు. పక్కవాళ్లు మధుబాబుని తిట్టడం మొదలెట్టారు. ఆడమనిషిని నిలబెట్టి మీరు కూర్చుంటారేంటయ్యా అని. కూర్చోమంటే ఆవిడ కూర్చోదు.

చివరికి మధుబాబే లేచాడు. "అమ్మా, మీకో దణ్ణం. అక్కడ మీరు నిజానికి ఓడలేదని ఉదయ్ ఏదో చెప్పాడు, ఎందుకో నాకర్థం కాలేదు గానీ. పందెం రద్దు. కూర్చోండి."

"ఓడాను. తిప్పమంటే తిప్పాను, ఓడాను. నా పందెం రద్దు చెయ్యడానికి నువ్వెవరు? దానమా? నీ రుమాలు దులిపి ఇస్తే కూర్చోవడానికి వచ్చానా నేను?"

"మరేం చెయ్యమంటారు?"

"మళ్లీ పందెం కాయి. ఇక్కడే. అసలు రూలుతో. ఓడితే ఇక ఈ పెట్టే ఎక్కను. గెలిస్తే నా సీటు నాకు."

సంచిలోంచి చీరపెట్టె మూత తీసింది. పట్టుచీరలు పెట్టే అట్టపెట్టెది, వెడల్పాటిది. బ్రీఫ్‌కేసు మీద పరిచింది. ఇప్పుడు ఎన్ని ముక్కలైనా పడుకోవచ్చు. ఆవిడ మాత్రం నిలబడే ఆడింది. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో ముక్కలు, కుదుపు వచ్చినప్పుడల్లా పెదవి కొరికిపట్టి. నవ్వు లేదు, కబుర్లు లేవు. ఆ పెట్టెలో అంత కోపంగా ఎవరూ ఆడి ఉండరు.

జంపని దాటాక దున్న దిగింది. ఫట్. మధుబాబు కోటకి నాలుగు తగ్గింది. ఆయన వంతులో కొండచిలువతో ఎదురు దాడి చేశాడు. ఆవిడ దున్నని ముందుకి జరిపింది.

"ఆఁ! ఆఁ! పడుకోబెట్టాలి! వారంనుంచి మా ప్రాణం తీశారుగా, ఇప్పుడు మీరు పడుకోబెట్టండి!" అని చప్పట్లు కొట్టాడు మధుబాబు. వెనకనుంచి రెండు గొంతులు "అవును, తిప్పాల్సిందే" అన్నాయి.

ప్రేమకుమారి చేయి కదల్లేదు. అందరూ అంటున్నారు. ఆవిడ మొహంలో ఏ నవ్వూ రాలేదు.

"తిప్పను."

"రూలండీ!"

"చదువు."

మధుబాబు ముక్క తీసుకున్నాడు. ఆఫీసులో ఇంగ్లీషు కాగితాలు చదివే గొంతుతో రెండు వాక్యాలూ చదివాడు. మొదటిది గట్టిగా, రెండోది మెల్లగా. తర్వాత తన కొండచిలువని తీసి చచ్చిన ముక్కల్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత దున్న ప్రతి వంతూ కొట్టింది, ప్రతి వంతూ కాసింది. తెనాలి యార్డులో సిగ్నల్ కోసం రైలు ఆగేలోపు ఆయన కోట నేలమట్టమైంది.

ఆయన రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ కూర్చుంది. దిగడానికి ఇంకెంతో సేపు లేదు. అయినా కూర్చుంది. చెప్పులు విడిచి, వాచిన పాదాలు ఒకదాని మీద ఒకటి వేసుకుని, ఎవరి కేసీ చూడకుండా. కోపం ఇంకా దిగలేదు, కాళ్ల బరువు మాత్రం దిగింది.

ఇక తిట్లు అయిపోయాయనుకుని ఉదయ్ కిరణ్ పక్కన చేరాడు.

"అక్కా, ఒక మాట. నీ మీద ఒకటి రాద్దామనుకుంటున్నా. నా తప్పుతో సహా. పేపరుకి పంపుతా. రాయనా?"

ఆవిడ వాడి కేసి చూసింది. దున్నని వాడి ముక్కు ముందుకి తెచ్చి పట్టుకుంది.

"రెండు వాక్యాలున్న ముక్క సరిగ్గా చదవలేనివాడివి, నలభై ఏళ్ల మనిషిని రాస్తావా? పో, ముందు చదవడం నేర్చుకునిరా."